సెంట్రింగ్ విప్పే వేళ

మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కు వాయవ్యంగా ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊరుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 84 వేలకు కాస్త తక్కువ మంది. కార్ల కంపెనీల్లో, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే తెలుగువాళ్ళకు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ బాగా పరిచయం. నోవైలోని వేంకటేశ్వరస్వామి గుడి పక్క ఊళ్ళోనే ఉంది. సివిల్ ఇంజనీర్లకు మాత్రం ఈ ఊరు మరో కారణంగా తెలుసు. 1904లో పుట్టిన అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ ప్రధాన కార్యాలయం ఇక్కడే. కాంక్రీటుతో ఏది కట్టాలన్నా ఎలా కట్టాలో చెప్పే వాళ్ళ నియమావళిని అమెరికా బయట కూడా చాలా దేశాలు పాటిస్తాయి.

2001లో ఈ సంస్థ పత్రిక ‘ఏసీఐ మెటీరియల్స్ జర్నల్’లో ఓ వింత వ్యాసం అచ్చయింది. రాసినవాళ్ళు సౌత్ డకోటా స్కూల్ ఆఫ్ మైన్స్‌కు చెందిన రామచంద్రన్, రామకృష్ణన్, సూకీ బాంగ్. కాంక్రీటులో వచ్చే పగుళ్ళను బాక్టీరియాతో పూడ్చవచ్చా అన్నది వాళ్ళు పరిశీలించిన విషయం. నేలలో సహజంగా బతికే ‘బాసిలస్ పాశ్చురీ’ అనే బాక్టీరియా యూరియాను విడగొట్టి అమ్మోనియాను, కార్బోనేటును తయారుచేస్తుంది. చుట్టూ ఉన్న నీరు క్షారంగా మారుతుంది. అందులో కాల్షియం కూడా ఉంటే కాల్సైట్, అంటే సున్నపురాయి ఖనిజం, ఆ బాక్టీరియా చుట్టూ పేరుకుంటుంది. పగుల్లో ఇసుకతో కలిపి ఈ జీవుల్ని నింపితే పగులు పూడుకుంటుంది. ఆ తర్వాత ఈ దారిలో ప్రపంచమంతా చాలామంది నడిచారు. తనను తాను బాగుచేసుకునే కాంక్రీటు అన్న మాట ఇప్పుడు ఇంజనీరింగ్ విద్యార్థులకు కొత్తది కాదు.

ఈ బాక్టీరియాకు స్ఫటికం ఆకారంతో ఏ పనీ లేదు. తన పొట్ట కోసం తాను యూరియాను తింటుంది, స్ఫటికం పక్కన పుట్టుకొస్తుంది. అది ఏ ముఖాలతో, ఏ పొడవున, ఎటు తిరిగి పెరుగుతుందో నిర్ణయించేది నీటి రసాయనమే. ఒక్కోసారి ఆ బాక్టీరియా తాను పుట్టించిన ఖనిజంలో తానే సమాధి అవుతుంది కూడా. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసిన హైన్జ్ లోవెన్‌స్టామ్ 1981లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసంలో జీవులు చేసే ఖనిజాలను రెండుగా విడగొట్టాడు. మొదటి రకంలో జీవి కారణం మాత్రమే. రెండో రకంలో స్థలాన్ని జీవి ఎంచుకుంటుంది, ఆకారాన్ని నిర్దేశిస్తుంది, ఎక్కడ ఆపాలో కూడా అదే చెబుతుంది. 1962లోనే ఆయన సముద్రపు రాళ్ళకు అతుక్కుని బతికే కైటన్ అనే ప్రాణి పళ్ళ మీద మాగ్నెటైట్ పూత ఉందని చూపించాడు. అంతవరకూ ఆ ఇనుప ఖనిజం నేల లోపలి వేడిలోనే పుడుతుందని భూవిజ్ఞానులు అనుకునేవాళ్ళు. ఓ మెత్తటి ప్రాణి చన్నీళ్ళలో, రాయిని గీకడానికి పనికొచ్చేలా, దాన్ని పళ్ళ వరసలో పేర్చుకుంటోంది.

ఈ అధ్యాయం ఆ రెండో రకం గురించి. ఉదాహరణ కోసం సముద్రం దాకా వెళ్ళక్కర్లేదు, మన నోట్లోనే ఉంది.

ముందు అసలు స్ఫటికానికి ఆకారం ఎలా వస్తుందో తేల్చుకోవాలి. చినగంజాం ఉప్పు మడుల్లో కల్లు ఉప్పును చేతిలోకి తీసుకుని చూస్తే కనిపించేవి ఘనాలు, ఘనాల ముక్కలు. సోడియం, క్లోరిన్ అయాన్ల అమరికలో చదరపు ముఖాలు మిగతా దిశలకంటే నెమ్మదిగా పెరుగుతాయి. ఇక్కడే మన సహజబుద్ధి తడబడుతుంది. వేగంగా పెరిగే ముఖమే పెద్దదవుతుందని అనుకుంటాం. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. వేగంగా పెరిగే ముఖం బయటికి దూసుకుపోతూ తన వైశాల్యాన్ని తానే పోగొట్టుకుంటుంది. కాసేపటికి ఓ మూలగానో అంచుగానో కుంచించుకుపోతుంది. చివరికి మన కంటికి కనిపించేవి మందకొడిగా పెరిగిన ముఖాలే.

కాబట్టి స్ఫటికం ఆకారం మార్చాలంటే దాన్ని తోయక్కర్లేదు, కొన్ని వైపుల పట్టి ఆపితే చాలు. ఏదైనా అణువు ఒక ముఖానికి అతుక్కుని అక్కడ కొత్త పొరలు పడకుండా అడ్డుకుంటే ఆ ముఖం నెమ్మదిస్తుంది, నెమ్మదించింది గనుక విస్తరిస్తుంది. ఫ్రెంచి స్ఫటిక శాస్త్రవేత్త రోమె ద లీల్ ఈ సంగతిని 1783లోనే నమోదు చేశాడు: మామూలు నీటిలో ఘనంగా పెరిగే ఉప్పు, మూత్రంలో పెరిగితే ఎనిమిది త్రికోణ ముఖాల స్ఫటికంగా తయారవుతుంది. కారణం మూత్రంలోని యూరియా. ఉప్పు రసాయనం మారలేదు, లోపలి అమరికా మారలేదు, బయటి రూపం మాత్రం పోల్చుకోలేనంతగా మారింది. ఎవరూ గీయలేదు, చెక్కలేదు. జీవరాశి ఈ కిటుకును మనకంటే యాభై కోట్ల ఏళ్ళకు పైగా ముందే పట్టుకుంది.

ఉమ్మడి విశాఖ జిల్లా కాశీపట్నం ప్రాంతపు రాళ్ళలో అపటైట్ దొరుకుతుంది. కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఖనిజం అది. ఎరువుల తయారీకి పనికొస్తుంది. రాతిలో దాని స్ఫటికాలు ఆరు పలకల కడ్డీల్లా, పొట్టిగా లావుగా ఉంటాయి. అదే కుటుంబానికి చెందిన ఖనిజం, హైడ్రాక్సీ అపటైట్, మన ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంది. కానీ పంటి పైపొరలో, అంటే పింగాణీ పొరలో, దాని ఆకారం చూస్తే కాశీపట్నం రాతికి ఇది చుట్టమంటే నమ్మబుద్ధి కాదు. ఒక్కో స్ఫటికం మందం కొన్ని పదుల నానోమీటర్లు, సుమారుగా వెంట్రుక మందంలో వెయ్యో వంతు. పొడవు మాత్రం దానికి వేల రెట్లు. ఇలాంటి వేలాది స్ఫటికాలు పక్కపక్కన కట్టగా కూడి ఐదు మైక్రాన్ల వెడల్పున్న ఒక కడ్డీ అవుతుంది. ఈ కడ్డీల వరసలు ఒకదాన్నొకటి దాటుకుంటూ అల్లుకుపోతాయి. పంటి మీద పడిన పగులు ఒకే దారిన నేరుగా లోపలికి దిగలేకపోవడానికి కారణం ఈ అల్లికే. సోడా సీసా మూత పళ్ళతో తీసిన తరం (అలా చేయొద్దని దంతవైద్యులు ఎంత మొత్తుకున్నా) ఈ అల్లికకు రుణపడి ఉంది.

ఈ పని చేసేవి అమెలోబ్లాస్టులు అనే కణాలు. పన్ను ఇంకా చిగురు లోపల ఉన్నప్పుడు అవి దాని మీద ఓ వరసగా నిలబడతాయి. ఒక్కో కణం తన ముందు కొంత ప్రోటీన్‌ను, కొంత ఖనిజాన్ని విడుస్తూ తాను వెనక్కి నడుస్తుంది. మనిషిలో ఆ నడక రోజుకు నాలుగు మైక్రాన్ల చొప్పున ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల పింగాణీ పడాలంటే దాదాపు ఐదు వందల రోజులు. పగలూ రాత్రీ ఆ వేగం కాస్త మారుతుంది గనుక, పంటిని పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే రోజుకో అడ్డగీత కనిపిస్తుంది. బిడ్డ తల్లి కడుపులో నుంచి బయటపడిన రోజు కూడా పాలపళ్ళలో ఓ ముదురు గీతగా నమోదవుతుంది. మానవ అవశేషాలను పరిశోధించేవాళ్ళు ఈ గీతలు లెక్కపెట్టి, ఎప్పుడో చనిపోయిన శిశువు ఎన్నాళ్ళు బతికిందో చెప్పగలుగుతున్నారు.

ఆ కణాలు విడిచే ప్రోటీన్‌లో తొంభై శాతం దాకా అమెలోజెనిన్ అనేదే. దీని జన్యువు ఎక్స్, వై క్రోమోజోములు రెండింటి మీదా, కొద్ది తేడాలతో ఉంటుంది. అందుకే పురాతన సమాధుల్లో ఒక్క పన్ను దొరికినా అది ఆడమనిషిదో మగమనిషిదో తేల్చడానికి దీన్ని వాడుతున్నారు. మన కథకు కావలసింది వేరే సంగతి. ఈ ప్రోటీన్ స్ఫటికాల మధ్య చేరి, అవి పక్కలకు లావెక్కకుండా పట్టి ఉంచుతుంది. పక్కలకు దారి మూసేస్తే ఖనిజం పొడవుకే పోవాలి. తొలిదశలో స్ఫటికాలు కొన్ని నానోమీటర్ల మందంతో పలచటి పట్టీల్లా, ఒకదానికొకటి తగలకుండా, ఒకే దిశలో బారులు తీరతాయి. జన్యువు పనిచేయకుండా చేసిన ఎలుకల్లో ఏమవుతుందో 2001లో తెలిసింది: పింగాణీ పలచగా పడింది, కడ్డీల అమరిక అసలు ఏర్పడలేదు.

2009లో వచ్చిన ఒక ఫలితం ఈ కథను ఇంకొంచెం మెలితిప్పింది. ఎలియా బెనియాష్ బృందం ఎలుక పళ్ళలో అప్పుడే పడిన ఖనిజాన్ని పరిశీలిస్తే అది స్ఫటికమే కాదని తేలింది. ఏ క్రమమూ లేని కాల్షియం ఫాస్ఫేటు అది. అయినా అప్పటికే పట్టీల ఆకారంలో, వరసగా ఉంది. స్ఫటికంగా మారడం ఆ తర్వాతి ఘట్టం. అంటే ముఖాలను ఆపడం ఒక్కటే సాధనం కాదు. ముందే ఆకారంలోకి పోసి, తర్వాత గట్టిపడనివ్వడం కూడా జీవికి తెలుసు. సముద్రపు అర్చిన్ ముల్లు, ముత్యపు చిప్ప కూడా ఈ దారినే పోతాయని వేరే పరిశోధనలు చెబుతున్నాయి.

ముత్యం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఓ మాట. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ముత్యాలు బేరమాడేవాళ్ళు చూసే మెరుపు, అర మైక్రాన్ మందపు అరగొనైట్ పలకల పొరల వల్ల వస్తుంది. ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి అరగంట కారు ప్రయాణం చేస్తే వచ్చే ఆన్ ఆర్బర్‌లో, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ హోవ్డెన్ బృందం 2021లో ఓ ఆస్ట్రేలియా ముత్యాన్ని రెండుగా కోసి పొరలు లెక్కపెట్టింది: 548 రోజుల్లో 2,615. ఒక పొర కాస్త మందంగా పడితే తర్వాతది కాస్త పలచబడుతుంది. తప్పు పేరుకుపోకుండా ముత్యపు చిప్ప ఎప్పటికప్పుడు సర్దుకుంటోంది.

పంటి దగ్గరికి తిరిగి వద్దాం. పలచటి పట్టీలు బారులు తీరడంతో పని సగమే అయింది. ఆ దశలో పింగాణీలో ఖనిజంకంటే ప్రోటీన్, నీరు ఎక్కువ. నమలడం మాట దేవుడెరుగు, గోటితో గీకితే ఊడొస్తుంది. పూర్తయిన పింగాణీలో బరువు లెక్కన 96 శాతం ఖనిజం, ప్రోటీన్ ఒక శాతం పైచిలుకు. మరి ఆ ప్రోటీన్ అంతా ఏమైంది?

ఇల్లు కట్టేటప్పుడు శ్లాబు కింద సెంట్రింగ్ కొడతారు. కాంక్రీటుకు ఆకారమిచ్చేది ఆ చెక్కలు, రేకులే. కానీ పని అయ్యాక వాటిని విప్పకపోతే అది ఇల్లు కాదు. అమెలోజెనిన్ సరిగ్గా అలాంటిది. ఆకారం నిలిచాక దాన్ని ముక్కలు చేసి బయటికి లాగేయాలి. అప్పుడు ఖాళీ అయిన చోటులోకి స్ఫటికాలు పక్కలకు పెరిగి, ఒకదానికొకటి ఆనుకునేదాకా లావెక్కాలి. ఆ విప్పే పనికి రెండు ఎంజైములున్నాయి. ఎంఎంపీ-20 మొదట్నుంచీ కొంచెం కొంచెంగా కోస్తూ ఉంటుంది. పింగాణీ పూర్తి మందానికి చేరాక కేఎల్‌కే-4 రంగంలోకి దిగి మిగిలినదంతా తుంచేస్తుంది. ముక్కల్ని కణాలు తిరిగి పీల్చుకుంటాయి.

ఈ రెండో ఎంజైము కథలో ఆన్ ఆర్బర్‌కు మళ్ళీ చోటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ దంతవైద్య కళాశాలకు చెందిన జేమ్స్ సిమ్మర్, జాన్ హూ ఏళ్ళ తరబడి పింగాణీ ప్రోటీన్ల మీదే పనిచేశారు. 2009లో వాళ్ళ బృందం కేఎల్‌కే-4 లేని ఎలుకలను తయారుచేసి చూసింది. ఫలితం చూడండి: పింగాణీ మందం మామూలుగానే ఉంది, కడ్డీల అల్లిక కూడా చక్కగా ఉంది. చూపుకు వంక పెట్టడానికి లేదు. కానీ ప్రోటీన్ లోపలే ఉండిపోయింది, స్ఫటికాలు పక్కలకు పెరిగి ఒకదాన్నొకటి పట్టుకోలేకపోయాయి. ఎలుక నమలడం మొదలుపెట్టగానే పింగాణీ విరిగి ఊడిపోయింది. మనుషుల్లోనూ ఈ జన్యువు చెడిన కుటుంబం గురించి 2004లో వైద్య పత్రికల్లో వచ్చింది. వాళ్ళ పళ్ళు సరైన మందంతోనే ఉన్నా, పసుపు గోధుమ రంగులో, మెత్తగా ఉన్నాయి. నా దృష్టిలో స్ఫటికాల మీద జీవి పెత్తనం గురించి ఇంతకు మించిన పాఠం లేదు. మనం ఎప్పుడూ అచ్చు పోయడం గురించే మాట్లాడుకుంటాం. అచ్చు తీసే ఘట్టం అంతకు తక్కువది కాదు, తేలికైనది అసలే కాదు.

ఎందుకు తేలిక కాదంటే, ఆ సమయంలో కణాలు ఇంకో చిక్కుతో కూడా పెనుగులాడాలి. హైడ్రాక్సీ అపటైట్ ఏర్పడేటప్పుడు ఆమ్లం పుడుతుంది. పది కాల్షియం అయాన్లు స్ఫటికంలో చేరేసరికి దాదాపు ఎనిమిది హైడ్రోజన్ అయాన్లు బయటపడతాయి. వాటిని అలాగే వదిలేస్తే ఆ ఆమ్లమే కొత్త ఖనిజాన్ని కరిగించేస్తుంది. కాబట్టి అమెలోబ్లాస్టులు బైకార్బనేటును విడుస్తూ ఆమ్లాన్ని చంపుతుంటాయి; తమ కింది అంచును మడతలుగానూ నునుపుగానూ వంతులవారీగా మార్చుకుంటూ, ఓసారి ఖనిజాన్ని పంపుతూ, ఓసారి ప్రోటీన్ ముక్కలు బయటికి పోనిస్తూ నెలలూ ఏళ్ళూ గడుపుతాయి. ఇంత సున్నితమైన లావాదేవీలోకి కొత్తగా ఒక అయాన్ వచ్చి చేరితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు నల్లగొండ జిల్లా ఊళ్ళు ఒంటి మీద మోశాయి.

ఫ్లోరైడ్ గురించి రెండు చోట్ల రెండు భాషల్లో మాట్లాడతారు. ఫార్మింగ్టన్ హిల్స్ కుళాయిల్లోకి నీళ్ళు గ్రేట్ లేక్స్ వాటర్ అథారిటీ నుంచి వస్తాయి. ఆ సంస్థ హ్యూరన్ సరస్సు నుంచీ డెట్రాయిట్ నది నుంచీ నీళ్ళు తోడి, శుద్ధి చేసి, లీటరుకు 0.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండేలా కలిపి పంపుతుంది. అవును, కావాలనే కలుపుతారు. ఈ పద్ధతి పుట్టింది కూడా ఈ రాష్ట్రంలోనే. రెండు గంటల దూరంలోని గ్రాండ్ ర్యాపిడ్స్ 1945 జనవరి 25న ఊరి నీళ్ళలో ఫ్లోరైడ్ కలిపిన మొట్టమొదటి నగరమైంది. సుమారు ముప్పై వేల మంది బడిపిల్లల పళ్ళను ఏళ్ళ తరబడి పరిశీలించారు. పదకొండేళ్ళ తర్వాత చూస్తే, ఫ్లోరైడ్ కలపడం మొదలయ్యాక పుట్టిన పిల్లల్లో పుచ్చిపళ్ళు అరవై శాతానికి పైగా తగ్గాయి.

దాని వెనక కథ మచ్చల పళ్ళ నుంచే మొదలైంది. కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో వైద్యం మొదలుపెట్టిన యువ దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే, ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమ మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. ఆ పళ్ళు అంతగా పుచ్చిపోవన్నది ఆయన గమనించిన రెండో సంగతి. నీళ్ళలోనే ఏదో ఉందని అనుమానించాడు గానీ అదేమిటో తెలియడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. 1931లో అల్యూమినియం కంపెనీ ఆల్కోవాలో రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీళ్ళను పరీక్షించి అది ఫ్లోరైడ్ అని తేల్చాడు. ప్రభుత్వ వైద్యుడు ట్రెండ్లీ డీన్ ఊరూరా తిరిగి, లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర మచ్చలు పెద్దగా రావని, పుచ్చు మాత్రం తగ్గుతుందని లెక్క తేల్చాడు.

ఆరేళ్ళు తిరక్కుండానే తెలుగు నేల ఈ కథలోకి వచ్చింది, రెండో కొస నుంచి. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో మచ్చల పళ్ళనే కాదు, వంగని వెన్నులను, బిగుసుకుపోయిన కీళ్ళను చూసి ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’లో రాశారు. ఆనాటి నెల్లూరు జిల్లాలో భాగమైన పొదిలి, దర్శి, కనిగిరి నేటికీ ఫ్లోరైడ్ పేరు చెబితే గుర్తొచ్చే ప్రాంతాలే. 1955లో సిద్దిఖీ నల్లగొండ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోయే జబ్బును ‘లాన్సెట్’ పత్రికలో వివరించారు.

నల్లగొండ గ్రానైటులోని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఎక్కువ. క్షార గుణం ఉండి కాల్షియం తక్కువగా ఉన్న నీళ్ళు రాతి సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. చెరువులు, పైబావులు ఎండిపోయి బోర్లు లోతుకు దిగేకొద్దీ ఆ నీళ్ళే గతి అయ్యాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబితే, అక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు కనిపించింది. పైగా ఎండల్లో పనిచేసే కూలీ తాగే నీళ్ళు మిషిగన్‌లో తాగే నీళ్ళలా ఉండవు. లీటరు లెక్క ఒకటే అయినా ఒంట్లోకి చేరే లెక్క వేరు. అమెరికా ప్రభుత్వమే 1962లో ఊరి ఉష్ణోగ్రతను బట్టి 0.7 నుంచి 1.2 వరకు వేర్వేరు మోతాదులు పెట్టింది. 2015లో అంతటికీ 0.7 చేసింది. చల్లటి దేశపు లెక్కను మన పల్లెకు దింపడం ఎంత పొరపాటో ఆ 1962 తేడాలనుబట్టే తెలుస్తుంది.

ఇంతకీ ఫ్లోరైడ్ స్ఫటికానికి చేసేదేమిటి? హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికం నిడివి పొడుగునా సన్నటి గొట్టాల్లాంటి దారులుంటాయి. వాటిలో హైడ్రాక్సిల్ అయాన్లు వరసగా నిలబడతాయి. ఒక్కో అయాన్ చుట్టూ మూడు కాల్షియం అయాన్లు త్రికోణంలా ఉంటాయి; హైడ్రాక్సిల్ ఆ త్రికోణం మధ్యలో ఇమడలేక కాస్త పైకో కిందికో ఒరిగి ఉంటుంది. ఫ్లోరైడ్ సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. అమరిక బిగుస్తుంది, స్ఫటికం ఆమ్లానికి త్వరగా లొంగదు. మామూలు పింగాణీ పీహెచ్ 5.5 కిందికి దిగితే కరగడం మొదలెడుతుంది. ఫ్లోరైడ్ చేరిన అపటైట్ 4.5 దాకా తట్టుకుంటుంది. పన్ను బయటికి వచ్చాక, లాలాజలంలో ఉన్న కొద్దిపాటి ఫ్లోరైడ్ పైపైన ఈ మేలు చేస్తుంది. గ్రాండ్ ర్యాపిడ్స్ లాభంలో ఎక్కువ భాగం ఇలా పైనుంచి వచ్చిందేనని ఇప్పటి దంతవైద్యుల అభిప్రాయం.

చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడు ఫ్లోరైడ్ మితిమీరితే ఇదే గుణం ఎదురు తిరుగుతుంది. అది అపటైట్ అవక్షేపాన్ని వేగిరపరుస్తుంది. త్వరత్వరగా ఖనిజం పడితే ఆమ్లమూ త్వరత్వరగా పుడుతుంది. కణాల మీద భారం పెరుగుతుంది. ప్రోటీన్ తొలగింపు ఆలస్యమవుతుంది. కేఎల్‌కే-4 తగ్గడం, ఎంజైములకు తగినంత కాల్షియం అందకపోవడం, కణాలే దెబ్బతినడం అని రకరకాల వివరణలున్నాయి, బహుశా అన్నీ కొంత కొంత నిజమే. ఫలితం మాత్రం అందరూ చూసిందే. పైన పలచటి గట్టి పొర, దాని కింద నింపకుండా వదిలేసిన గుల్ల పింగాణీ. అంటే సెంట్రింగ్ పూర్తిగా విప్పకముందే గడువు ముగిసిపోయింది. ఆ గుల్లల్లో వెలుతురు చెదిరి పన్ను సుద్దలా తెల్లబడుతుంది. గోధుమ రంగు మాత్రం లోపలిది కాదు. పన్ను బయటికొచ్చాక టీ, తిండి, మిగతా రంగులు ఆ గుల్లల్లోకి ఇంకగా వచ్చింది. అమెలోబ్లాస్టులు పన్ను మొలిచేసరికి చచ్చిపోతాయి గనుక బాగుచేసేవాళ్ళు ఎవరూ మిగలరు.

అందుకే పంటి మచ్చలకు వయసు ఒక హద్దు. ముందు పళ్ళ పింగాణీ నాలుగైదు ఏళ్ళలోపే, జ్ఞానదంతాలు తప్ప మిగతావన్నీ ఎనిమిదేళ్ళలోపే తయారైపోతాయి. నలభై ఏళ్ళకు నల్లగొండ వచ్చి స్థిరపడినవాడి పళ్ళకు మచ్చలు రావు. ఎముక అలా కాదు. జీవితాంతం కరుగుతూ, కొత్తగా పడుతూ ఉంటుంది. కాబట్టి వెన్ను, మోకాళ్ళు ఏ వయసులోనైనా దెబ్బతినవచ్చు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఇథియోపియా, టాంజానియాలకు కూడా ఆ పద్ధతి ఆ పేరుతోనే వెళ్ళింది. అయితే పల్లెల్ని నిజంగా ఒడ్డున పడేసేది బోరుకు బదులు నదీ జలాలే. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీళ్ళను ఇళ్ళకు తెచ్చే ప్రయత్నం చేసింది.

అమెరికాలో ఇప్పుడు ఊరి నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం మీదే వాదం నడుస్తోంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల తెలివితేటల మీద ప్రభావం ఉండవచ్చని 2024లో ప్రభుత్వ విషశాస్త్ర విభాగం నివేదిక ఇచ్చింది; 2025లో యూటా, ఆ తర్వాత ఫ్లోరిడా రాష్ట్రాలు కలపడాన్ని నిషేధించాయి. 0.7 దగ్గర పళ్ళ మీద వచ్చేవి, వస్తే, పరీక్షగా చూస్తే తప్ప కనిపించని తెల్లటి చారలు. డబ్బాపాలు కలపడానికి ఇలాంటి కుళాయి నీళ్ళు వాడొచ్చని, ఆ చారలు కూడా వద్దనుకుంటే ఫ్లోరైడ్ తక్కువ ఉన్న నీళ్ళు అప్పుడప్పుడూ వాడమని అమెరికా వైద్య సంస్థలు చెబుతాయి. మూడేళ్ళలోపు పిల్లల బ్రష్ మీద టూత్‌పేస్ట్ బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. పిల్లలు పేస్టు మింగుతారు, అదీ అసలు సంగతి. మనవణ్ణి చూడడానికి మిషిగన్ వెళ్ళిన అమ్మమ్మలకు ఇంకో మాట: జగ్గులో పెట్టే బొగ్గు ఫిల్టరు ఫ్లోరైడ్‌ను పెద్దగా తీయదు, ఆర్వో తీస్తుంది.

పోయిన పింగాణీని మళ్ళీ పెంచడం సాధ్యమా? 2019లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ బృందం ‘సైన్స్ అడ్వాన్సెస్’లో దానికి కొంత దారి చూపింది. కాల్షియం ఫాస్ఫేటు అయాన్లు అతి చిన్న గుంపులుగా ఉన్న ద్రావణాన్ని పంటి మీద పూశారు. అది ముందు క్రమంలేని పొరగా పడి, తర్వాత కింది స్ఫటికాల దిశనే పట్టుకుని స్ఫటికంగా మారింది. బెనియాష్ ఎలుక పళ్ళలో చూసిన క్రమమే ఇది, కణాలు లేకుండా. నలభై ఎనిమిది గంటల్లో పెరిగిన పొర మందం మూడు మైక్రాన్లకు లోపు. అమెలోబ్లాస్టు ఒక్క రోజులో నడిచే దూరం కూడా కాదు. కింద అల్లిక బాగున్న చోట ఆ పద్ధతి దాన్ని కొనసాగించగలదు. గుల్ల పడిన నల్లగొండ పంటికి కావలసింది మాత్రం పైన పొర కాదు, లోపల ఇరుక్కుపోయిన ప్రోటీన్‌ను లాగేసి ఆ చోటు నింపడం. ఆ పనికి ప్రస్తుతం దంతవైద్యుల దగ్గరున్నవి పైపొరను అరగదీయడం, తెల్లబరచడం, రెసిన్ ఇంకించడం, మీద పలక అతికించడం.